పిల్లను ఏ బార్‌కు తోల్కపోవాలె?

సంక్రాంతికి ఊరికొచ్చిన మా అక్క కొడుకు నన్ను కొట్టం వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "మామా, మన దిక్కు మంచి బార్ ఏదున్నది? ఒకామెను కలవాలె."

వాడిది మాదాపూర్‌లో కొలువు. అక్కడ ఇట్లాంటివాటికి ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టి చోటు ఎంచుకుంటారట. కురవిలో ఆ చుక్కలు పెట్టేది నేనే.

అర్హతలు చెప్పుకోవాలి కదా. ప్రేమ సంగతి నాకు తెలియదు. మా ఇంటావిడను పెళ్లిచూపుల్లో చూసింది పావుగంట, అందులో సగం సేపు చాయ్ కప్పునే చూశాను. సిట్టింగ్ సంగతంటారా, ఇరవై రెండేళ్ల అనుభవం. ఏ పర్మిట్ రూములో ఏ కుర్చీకి కాలు విరిగిందో చీకట్లో చెప్పగలను. వాడికి చెప్పినవే మీకూ చెబుతున్నాను, రాసిపెట్టుకోండి.

ముందు భూగోళం. కురవిలో మందంటే వైన్సు, దాని పక్కన పర్మిట్ రూము. బార్ అండ్ రెస్టారెంట్ అంటే ఓ పది కిలోమీటర్లు పోయి మానుకోట. కాగితాల మీద దాని పేరు మహబూబాబాద్, 2016 అక్టోబరు 11 నుంచి జిల్లా కేంద్రం. నోట్లో మాత్రం మానుకోటే. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్లు ఇంకా దూరం చూస్తారు. హన్మకొండ పోదాం, జనగామలో దిగుదాం, భూపాలపల్లిలో మనల్ని ఎరిగినవాడెవడు అంటారు. ఎందుకుండడు? జనగామకు మీ మేనత్త బిడ్డను ఇచ్చారు. భూపాలపల్లి సింగరేణిలో మీ నాయన దోస్తు కొడుకు ఉన్నాడు. హన్మకొండలో రూము తీసుకొని చదవనివాడు మీ చుట్టాల్లో ఒక్కడైనా ఉన్నాడా? ఉమ్మడి వరంగల్‌ను ముక్కలు చేసినప్పుడు మండలాలను పంచారు గాని చుట్టాలను పంచలేదు.

కాబట్టి మానుకోటే. అక్కడ కురవి వాళ్లు కనపడతారేమోనని మా అల్లుడు భయపడ్డాడు. కనపడాలి, నా పద్ధతికి పునాదే అది. కురవి మనిషి కురవిలో తాగడు. ముందర వీరభద్రస్వామి గుడి, వెనక బావమరిది. అందుకని మానుకోట పోతాడు. మానుకోట మనిషి అదే లెక్కన కురవికి వస్తాడు. సాయంత్రం ఏడింటికి ఆ రోడ్డు మీద ఎదురెదురుగా పోయే బండ్లలో సగం ఈ బాపతే. మీరు బార్‌లో అడుగుపెట్టగానే మూల టేబుల్ దగ్గర మీ చిన్నాయన కనిపిస్తాడు. తల తిప్పుకోకండి. నిండుగా నవ్వి, "ఏం చిన్నాయనా, బీపీ గోలీ వేసుకున్నవా?" అని అడగండి. తాగుడు మానేశానని ఇంట్లో చెప్పిన మనిషి ఆయన. ఆయన గుట్టు మీ చేతిలో, మీ గుట్టు ఆయన చేతిలో. ఇంతకన్నా గట్టి చుట్టరికం ఇంకోటి లేదు.

"మరి ఆమె గుట్టు?" అన్నాడు అల్లుడు.

"ఆమెకేంది? నీతోనే ఉన్నది గద."

వాడు ఎందుకో కాసేపు మాట్లాడలేదు.

ఇక కూర్చునే చోటు. ఏసీ, నాన్ ఏసీ అన్న మాటలకు మోసపోవద్దు. "ఫ్యామిలీ సెక్షన్ కలదు" అని రాసి ఉన్నచోటే మీకు తగినది. మెట్లెక్కి పోతే ప్లైవుడ్ అడ్డాలతో నాలుగు క్యాబిన్లు, ఒక్కోదానికి మెరూన్ రంగు పరదా. ఆ పరదా కుడి అంచు ఒకసారి పట్టుకొని చూడండి, అట్టలాగా బిరుసుగా ఉంటుంది. చికెన్ సిక్స్టీఫైవ్ తిన్న ప్రతి చేయీ ఏళ్లుగా అక్కడే తుడుచుకుంది. లోపల ఎర్ర జీరో బల్బు. ఆ వెలుతురులో ఎవరి మొహం ఎట్లా ఉందో తెలియదు. పెళ్లిచూపులప్పుడు ఈ సౌకర్యం ఉంటే మా అత్తగారి వాళ్లు ఒప్పుకోవడానికి మూడు రోజులు తీసుకునేవాళ్లు కాదు.

ఇరవై రెండేళ్లలో ఆ సెక్షన్‌లో నేను ఒక్క ఫ్యామిలీని చూడలేదు. రిటైరైన సార్లను చూశాను, కాంట్రాక్టర్లను చూశాను, ఎన్నికలప్పుడు పక్కపక్క పరదాల్లో రెండు పార్టీల వాళ్లను చూశాను. పాతకాలం ఐర్లండు పబ్బుల్లో స్నగ్ అని ఒక చిన్న గది ఉండేది. నలుగురి కళ్ల పడకుండా తాగాలనుకునే ఆడవాళ్లు, పాదిరీలు అందులో కూర్చునేవారు. మనవాళ్లు గది కట్టారు, పరదా వేలాడదీశారు, పెయింటర్‌తో బోర్డు రాయించారు. ఆడవాళ్లను పిలవడం ఒక్కటే మరిచారు. మీరు పిల్లను తీసుకుపోతే ఆ బోర్డు మొదటిసారి నిజమైనట్టు.

సర్వర్ వస్తాడు. "మేడంకేం తేవాలె సార్?" అని మిమ్మల్నే అడుగుతాడు. అది మర్యాద, తప్పు పట్టొద్దు. ఆమెను సంప్రదించకుండా థమ్సప్ చెప్పేయండి. పొరపాటున ఆమె నోరు తెరిచి "నాకు ఒక బీరు" అన్నదనుకోండి, నాలుగు క్యాబిన్లలో మాటలు ఆగిపోతాయి, ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినపడుతుంది. ఆమె వయసు సరిపోతుందా అని కూడా చూసుకోవాలి. మన రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. ఆడపిల్లకు పెళ్లి చేయడానికి పద్దెనిమిది చాలు. మొగుణ్ని ఇచ్చిన మూడేళ్లకు గాని చేతికి బీరు ఇవ్వరన్నమాట. రెంటిలో దేన్ని ఎంచుకోవడానికి ఎక్కువ తెలివి కావాలో ప్రభుత్వానికి తెలుసు.

ఓనర్ ఏమనుకుంటాడోనన్న బెంగ వద్దు. మందు వ్యాపారంలో దిగినవాడు మీ మొహం చూడడు. 2023లో రాష్ట్రంలోని 2,620 వైన్సులకు లక్కీ డ్రా తీస్తే 1,31,000కు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, దుకాణం రాకపోయినా పైసా తిరిగి రాదు. అంటే యాభై మందిలో ఒక్కడికి తగులుతుంది, మిగతా నలభైతొమ్మిది మంది రెండేసి లక్షలు వదులుకొని చాయ్ తాగి ఇంటికి పోతారు. 2025లో ఆ ఫీజును మూడు లక్షలు చేశారు. ప్రేమలో ఇంత నష్టపోయినవాణ్ని నేనింకా చూడలేదు.

రోజు ఎంచుకోవడంలో చాలామంది దెబ్బతింటారు. జనం లేని రోజు వెతుకుతారు. మామూలు రోజున జనం లేకపోతే కనపడేది మీరిద్దరే. చూసే కళ్లన్నీ ఇంకోచోటికి పోయిన రోజు కావాలి. శివరాత్రి అయితే బెస్టు. జిల్లా అంతా కురవి జాతరలో ఉంటుంది, మానుకోట బార్‌లో కుర్చీలు ఖాళీ. ఉపవాసం రోజు మందేంటని పిల్ల అడిగితే జాగరణకు సాయమని చెప్పండి. ఒక్కటే ఇబ్బంది. ఇంట్లో తెలిస్తే మీ అమ్మ మిమ్మల్ని నేరుగా కురవి వీరభద్రస్వామి ముందు నిలబెట్టి ఒట్టేయమంటుంది. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తెలంగాణ మొక్కు తీర్చుకుంటూ ఆ స్వామికి బంగారు మీసాలు చేయించారు. మీసాలు లేనప్పుడే ఆ కళ్లను చూసి మా వాళ్లు అబద్ధం ఆడేవాళ్లు కాదు.

అది కుదరకపోతే గాంధీ జయంతి. ఆ రోజు షట్టర్లన్నీ కిందికే ఉంటాయి గనక బార్ ముందు మిమ్మల్ని చూసినా ఎవరూ ఏమీ అనలేరు. 2025లో దసరా సరిగ్గా అక్టోబరు 2నే వచ్చి పడింది. ముందురోజు రాత్రి వైన్సుల దగ్గర వరుసలు చూసినవాళ్లకు తెలుసు, మన జనానికి ముందుచూపు లేదనడం అబద్ధమని.

వెంట ఒక దోస్తును తప్పకుండా తీసుకుపోండి. "ముగ్గురమా?" అని మా అల్లుడు నోరు తెరిచాడు. చదువుకున్నవాడు, వాడికి చరిత్ర చెప్పాను. మన ఓరుగల్లులో సరదాగా తిరగడం గురించి తెలుగులో వచ్చిన పాత కావ్యం క్రీడాభిరామం. అందులో వీధులన్నీ తిరిగింది ఎవరు? గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి. ఇద్దరూ మగాళ్లే. పూటకూటింట్లో భోంచేశారు, కోడిపందెం చూశారు, దారిలో కనిపించిన ఆడవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆరు వందల ఏళ్ల కిందే పద్ధతి ఖాయమైంది. మగవాడికి తోడు మగవాడు, ఆడది మాటల్లో ఉంటే చాలు. దోస్తు పక్కనుంటే మీకు మాటల కరువు ఉండదు. భూముల రేట్లు, ఐపీఎల్, మిర్చి ధర, అన్నీ వస్తాయి. పిల్ల వింటూ కూర్చుంటుంది, పల్లీలు తింటుంది, మీ గురించి అన్నీ తెలుసుకుంటుంది.

పోకూడని చోటు ఒకటుంది. అల్లుడే దాని మాట తెచ్చాడు. "మామా, కల్లు మండువకు పోతే?"

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మండువకు గోడ లేదు, పరదా లేదు, బిల్లు లేదు. బిల్లు లేనిచోట పిల్ల ముందు పర్సు ఎట్లా తీస్తావు? పైగా పొద్దున్నే పోవాలి. తెల్లారగట్ల గౌడన్న మోకు వేసుకొని చెట్టెక్కి లొట్టి దించితే, ఎండ ముదిరేలోపే ఆ తీపి. తర్వాత పులుపే. పొద్దున ఏడింటికి ప్రేమించడం ఎవడి తరం? జీరో బల్బు బదులు సూర్యుడు ఉంటాడు, మొహాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈత చెట్ల కింద చాప పరిచి కూర్చోబెడతారు, తాటాకు రేకలో పోస్తారు, గౌడన్న పెండ్లాం ఉడకబెట్టిన గుడాలు ఆకులో పెట్టి తెస్తుంది. నీ పక్కన ఇంకో చాప మీద ఊళ్లో ముసలమ్మలు నలుగురు కూర్చొని, నీకంటే ఎక్కువ తాగి, నీ పిల్లను "ఎవరి బిడ్డవే అవ్వా, ఏ ఊరు?" అని అడుగుతారు. మా నాయనమ్మ కూడా అట్లాగే దసరాకు రేక పట్టేది, మా తాత పక్కనే కూర్చొని. ఆమెకు ఏ సెక్షన్ ఉందని? పరదా లేకుండా, బోర్డు లేకుండా, మొగుడి ముందు, కొడుకుల ముందు, ఊరి ముందు. అంత బహిరంగంగా తాగితే అందులో మజా ఏముంటుంది?

పైగా కల్లుకు చరిత్ర మంచిది కాదు. జనగామ పక్కన ఖిలాషాపురం కోట చూశారుగా, గీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్నది. చెట్టెక్కాల్సిన మనిషి మందిని కూడగట్టి 1708లో ఏకంగా ఓరుగల్లు మీద పడ్డాడు. చెట్ల కింద కూర్చున్నవాళ్లకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి. ప్లైవుడ్ క్యాబిన్లో కూర్చున్నవాడెవడూ ఇంతవరకు ఏ కోట మీదికీ పోలేదు.

ఇంత చెప్పినా వాడు కదలకుండా నిలబడి, జేబులోంచి ఫోన్ తీశాడు. అప్పటిదాకా లైన్లో ఆమె ఉందట. డోర్నకల్ పిల్ల, రోజూ రైల్లో మానుకోటకు వచ్చి బ్యాంకులో పనిచేస్తుంది. స్పీకర్ పెట్టాడు.

"నమస్తే అంకుల్. అన్నీ మంచిగ చెప్పిన్రు. ఆ బార్‌ల లేడీస్ బాత్రూం ఉన్నదా?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇరవై రెండేళ్లలో ఆ దిక్కు చూడాల్సిన పని పడలేదు. నిపుణుడిగా పరువు ఉంది కదా, కనుక్కొని చెబుతానన్నాను. మర్నాడు మానుకోట పోయి ఫ్యామిలీ సెక్షన్ చివరిదాకా నడిచాను. తలుపుంది. దాని మీద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ కూడా ఉంది, సగం పెచ్చులూడి. తాళం వేసి ఉంది. కౌంటర్ దగ్గర పిల్లగాడు రెండు డ్రాయర్లు వెతికి, చివరికి గోడమేకుకు వేలాడుతున్న తాళంచెవి తెచ్చాడు. తలుపు సగమే తెరుచుకుంది. లోపల నేల నుంచి వెంటిలేటర్ దాకా ఖాళీ బీరు క్రేట్లు, వాటి మీద కాలు విరిగిన కుర్చీ. ఆ కుర్చీని నేను ఎరుగుదును.

"ఎన్నడన్నా ఎవరన్నా అడిగిన్రా?" అన్నాను.

"మీరే మొదలు సార్" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకే మా అల్లుడు బండి తీసి పోయాడు. ఇద్దరూ ఈత వనంలో కూర్చున్నారట. గౌడన్న ఇల్లు ఆ పక్కనే, ఇంటి నిండా ఆడవాళ్లే, ఆమె ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ముసలమ్మలు ఆమె ఊరు, ఇంటిపేరు, జీతం అన్నీ కనుక్కొని, మా వాడి జీతం మాత్రం తక్కువన్నారట. ఎండెక్కేసరికి లేచి ఎవరి దారిన వాళ్లు పోయారు.

నా సలహా విని బార్‌కే పోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆ తాళంచెవి కౌంటర్ వెనక కుడి దిక్కు మేకుకే ఉంటుంది, అడిగితే ఇస్తారు. క్రేట్లు మాత్రం మీరే జరుపుకోవాలి.