పరదేశప్రయాణ సన్నాహవిధి

పెనుబల్లి నుండి పరదేశమునకు బోవువాడు మొట్టమొదట చేయవలసినది, ఆ వార్తను వి.ఎం. బంజర కూడలిలోని టీకొట్టుకడ పరమరహస్యముగా నొకనితో చెప్పుట. ప్రొద్దుగ్రుంకులోపల కల్లూరు, సత్తుపల్లి, తిరువూరుల నుండి బంధువులు ఫోను చేయుదురు. తక్కిన సన్నాహము వారే చూచుకొందురు.

పాస్‌పోర్టును బీరువాలో పట్టుచీరల మడతల నడుమ దాచి, గడువు చూడక టికెట్టు కొనవలెను. అడుగుపెట్టు నాటికి ఇంకను ఆరుమాసముల గడువుండవలెనని పెక్కు దేశముల నియమము. ఖమ్మము పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు కేంద్రమున్నను అక్కడికి బోవ మనకు తీరదు. చిలుకూరు బాలాజీ గుడిలో వీసాకై 11 ప్రదక్షిణములు, కోరిక తీరిన పిదప 108 చేయుటకు మాత్రము తీరును. ఇందు స్వామి దోషమేమియు లేదు. గడువులు చూచుట ఆయన పని కాదు.

పవర్‌బ్యాంకును పెద్దపెట్టె అడుగున వేయుడు. అది చేతిసంచిలోనే ఉండవలెనను నియమము నిప్పునకు భయపడువారి కొరకు.

ఇక సర్వవిధులలో శిరోమణి: ఎవరేమి యిచ్చినను కాదనరాదు. "ఏమనుకోకు బాబూ, చిన్న పొట్లమే, మావాడే వచ్చి తీసుకుంటాడు" అని ఎదురింటి పిన్నిగారు తెచ్చిన యా పొట్లము మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టబడి, గోధుమరంగు టేపుతో బిగింపబడి, పైన స్కెచ్ పెన్నుతో కొడుకు పేరు వ్రాయబడి యుండును. సాయంకాలమునకు దాని మూలనుండి ఆవకాయ నూనె యొక వలయముగా పొటమరించును. ఆ వెనుక నాటుకోడి పచ్చడి, దాని వెనుక ఎండుకొబ్బరి, ఆపై మసాలాదినుసుల మూట. అమెరికాలో దిగువాడు తినుబండారము లేమున్నను అధికారులకు చెప్పి తీరవలెననియు, మాంసపు పచ్చళ్లను సామాన్యముగా రానీయరనియు, నూనె మెండుగా గల యెండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి రాజుకొను సరుకుల కోవలోనిదనియు, మన కూరలలో నిరపరాధముగా నూరుకొను గసగసాలు నల్లమందు మొక్క గింజలగుటచే దుబాయిలోను సింగపూరులోను నిషిద్ధములనియు ఎరిగినవాడు సయితము ఆ మూట విప్పి చూడడు; విప్పినచో పిన్నిగారిని అనుమానించినట్లగును గదా! పెట్టెను మిరపబస్తాలు తూచు కాటాపై నుంచి, 23 కిలోలు దాటినచో సొంతబట్టలు తీసివేయుడు, పొట్లములను ముట్టకుడు. "ఈ పెట్టె మీరే సర్దుకొంటిరా?" అని విమానాశ్రయమున నడిగినపుడు, వీథియంతయు గూడి సర్దిన యా పెట్టెను చూపి నిబ్బరముగా అవునని తలయూపుడు.

నవ్వులకేమి గాని, విప్పి చూచి తీసికొందునను మాట యొక్కటి నోట వచ్చినచో చాలును. అది మనకు రాదు. నాకును రాదు. ఇంత చదివి, ఇంత వ్రాసియు, పొట్లము పట్టుకొని గుమ్మములో నిలిచిన మనిషి యెదుట నా మొగమాటము నన్ను జయించుచునే యున్నది. ఏలయన పరదేశపు చెరసాల కంటిముందు లేదు, ఎదురింటివారి అలుక యున్నది.

సాగనంపుటకు రెండు కారుల జనమును శంషాబాదునకు గొనిపొండు. టికెట్టు లేనివారిని లోనికి రానీయరు; బయట పులిహోర తినవచ్చును.

గల్ఫునకు కూలికి బోవు పిల్లలు విజిటు వీసాపై పోవలెనట, అక్కడ ఏజెంటు అంతయు చూచుకొనునట! ఇచ్చట నా పరిహాసము సాగదు. పదవతరగతి తప్పినవాని పాస్‌పోర్టుపై గల్ఫు మున్నగు దేశములలో పనికి బోవుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. ఆ త్రోవన పోవువానికి రెండేండ్లకు 275 రూపాయలతో ప్రవాసీ భారతీయ బీమా దొరకును, ప్రమాదమున మరణించినచో ఇంటివారికి 10 లక్షలు వచ్చును. విజిటు వీసాపై పోయిన కూలికి ఆ రక్ష లేదు. ఏజెంటునకు లక్షలు పోయుటకు పొలము తాకట్టుపెట్టిన తండ్రికి ఈ 275 రూపాయల మాట చెప్పువారు లేకపోయిరి.

కావున, చదువరీ, నీ యింటినుండి ఎవరు బయలుదేరినను వారి పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందముల నకళ్లు తీసి యింట నుంచుము. చిక్కుపడినవారికై విదేశాంగశాఖ 2015లో తెరచిన 'మదద్' అను ఆన్‌లైను పోర్టలులో ఫిర్యాదు చేయవలసి వచ్చిననాడు, చేత నుండవలసినవి ఆ కాగితములే.