ఒక డేరా పద్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

నల్లమలలో డేరా వేసుకొని ఒక రాత్రి గడపి రావలెనని హైదరాబాదునుండి బయలుదేరనున్న యువకు డొకడు, సంచి సర్దుట ముగించి, పిడిలో దిక్సూచియు వెన్నున ఱంపపు పండ్లును గల యొక కొత్త కత్తిని నడుమునకు తగిలించుకొని అద్దము ముందు నిలిచి తన్ను తాను మెచ్చుకొనుచుండగా, వంటింటి గుమ్మమునుండి తల్లి చూచి, "ఎవర్ని పొడుస్తావురా దాంతో? ఓ కర్ర పట్టుకో, టార్చిలైటు పెట్టుకో, రాత్రి జిప్పు లాక్కుని పడుకో" అనెను. పొరుగింట నుండు విశ్రాంత తెలుగు పండితు లొకరు ఆ మాట విని, ఊరకుండజాలక, దాని నప్పటికప్పుడే ఆటవెలదిగా బంధించిరి. పద్యము పుట్టిన పిదప దానికి వ్యాఖ్య లేకుండుట వెలితి గనుక ఈ ప్రయత్నము.

మూలము

కత్తి యేల నీకు కాననమ్మున రాత్రి
కర్ర యున్న చాలు కరమునందు
దీప మొకటి యున్న దిగులేల డేరాకు
తలుపు మూసి పండు తల్లి మాట

ప్రతిపదార్థము

కాననమ్మున = అడవియందు; రాత్రి = రాత్రివేళ; నీకు = (ఓ పట్టణవాసీ!) నీకు; కత్తి = చురకత్తి మొదలగు ఆయుధము; ఏల = ఎందులకు (వలదనుట); కరమునందు = చేతియందు (సంచి అడుగున గాదు); కర్ర యున్న చాలు = ఊతకర్ర యున్నచో అదియే చాలును; దీపము ఒకటి యున్న = టార్చిలైటు ఒక్కటి వెలుగుచున్నచో; డేరాకు = (లక్షణచే) డేరాయందున్నవారికి; దిగులు ఏల = విచార మెందులకు; తలుపు మూసి = జిప్పును కొసవఱకు లాగి; పండు = శయనింపుము; తల్లి మాట = ఇది కన్నతల్లి చెప్పిన మాట (కావున దీనిపై అపీలు లేదు).

"నీకు" అనుటచే ఈ నిషేధము చెంచువానికి వర్తింపదని గ్రహింపవలెను. వాని చేతి గొడ్డలి కట్టెలకును తేనెకును పనికివచ్చు పనిముట్టు. మనవాని కత్తికో, పని యింకను వెదకవలసియున్నది. ఆ తల్లి సాయంకాలము దానితో సొరకాయ తరుగబూని, ఱంపపు పండ్లకు పీచు చుట్టుకొనగా విసిగి, కత్తిపీటనే ఆశ్రయించెనట.

పూర్వపక్షము

ఖడ్గవాది యిట్లనును: "అడవిలో ఎలుగులు కలవు, చిఱుతలు కలవు, దొంగలును ఉండవచ్చును. ఆత్మరక్షణము ప్రతివానికిని హక్కు. భారతీయ న్యాయసంహిత 34వ సెక్షను మొదలు 44వ దానివఱకు చెప్పినది ఇదియే గదా! పైగా ఆయుధ నియమములు 9 అంగుళముల పొడవునో 2 అంగుళముల వెడల్పునో మించిన అలుగులను గూర్చి మాటలాడుచున్నవి. నా కత్తి ఆఱంగుళములే."

సమాధానము. తన్ను కాపాడుకొను హక్కు వేఱు, కత్తి పట్టుకొని అభయారణ్యమున ప్రవేశించు హక్కు వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 31వ సెక్షను, అధికారుల లిఖితపూర్వకమైన ముందస్తు అనుమతి లేనిదే ఎవ్వరును ఆయుధముతో అభయారణ్యము చొరరాదని శాసించుచున్నది. ఆయుధమనగా నేమియో చెప్పుచోట తుపాకులతో విల్లమ్ములతో పాటు కత్తులనుగూడ పేర్కొన్నదే కాని, అవి ఎన్ని అంగుళములని అడిగియుండలేదు. ఇక 11వ సెక్షనులో ఒక చక్కని చిక్కు కలదు. ఆత్మరక్షణకై సద్బుద్ధితో వన్యమృగమును చంపినను గాయపఱచినను నేరము కాదట. అయితే, ఆ క్షణమున తాను ఈ చట్టము నతిక్రమించుచున్నవాడై యుండరాదట. అనగా అనుమతి లేని కత్తితో లోపలికి పోయినవాడు, ఏ యెలుగునకో ఎదురుపడి ఆ కత్తినే యుపయోగించెనా, తన్ను కాపాడవలసిన వాక్యమును ద్వారముకడనే పోగొట్టుకొనినవా డగుచున్నాడు. అట్లు చచ్చిన మృగము ప్రభుత్వపు సొత్తని మఱియొక ఉపవాక్యము. ఎలుగు చచ్చెనా దానిపై హక్కు ప్రభుత్వమునకు. బ్రతికెనా నీపై హక్కు దానికి.

"అట్లయిన జంతువును గాయపఱుపగల సాధన మేదైనను ఆయుధమే యని ఆ నిర్వచనమునందే కలదు, కర్ర మాత్రము కాదా?" యని శంక. శంక బాగున్నది. కుంటుచు నడుచువాని చేతిలో కర్ర ఊత, గిరగిర త్రిప్పువాని చేతిలో కర్ర ఆయుధము. ద్వారపాలకుని యెదుట ఎట్లు పట్టుకొనవలెనో చదువరి యూహించుకొనగలడు. కూరగాయల కత్తి తెచ్చుకొనువారు దానిని వంటసామానులలో నుంచి, అడిగినప్పుడు దాచక చూపుట మంచిది.

ఇతిహాస ప్రమాణము

ఈ విచారము కొత్తది కాదు. వాల్మీకి అరణ్యకాండలో దండకారణ్యమున నడచుచు, సీతయే రాముని ఈ ప్రశ్న యడిగినది. నారచీరలు కట్టి తాపసవృత్తిలో నున్నవారికి విల్లు దేనికి, మనపై వైరము లేనివారిని చంపు బుద్ధి ఎక్కడినుండి వచ్చును అని యామె సంకోచించుచునే అడిగి, ఒక కథ చెప్పినది. అడవిలో ఒక ముని తపస్సు చేసికొనుచుండ, దానిని చెఱుపగోరి యింద్రుడు యోధుని వేషమున వచ్చి, తన ఖడ్గమును అతనికడ తాకట్టుగా కాదు, నమ్మకముతో దాచుమని యిచ్చి పోయెను. సాధువైన ముని, పరుల సొమ్ము పోవునేమో యను భయమున, కందమూలములకు పోయినను ఖడ్గము వెంట కొనిపోయెను. నిత్యము మోయగా మోయగా అతని బుద్ధి క్రౌర్యమువైపు మరలెను, తపస్సు చెడెను, తుదకు నరకమే దక్కెను. ఎవ్వరిని చంపుటకో ఆ ముని కత్తి చేపట్టలేదు. భద్రముగా నుంచుటకే పట్టుకొనెను. నడుమున కత్తి యున్నవానికి పొదలో కదలిన ప్రతి యాకును శత్రువుగనే తోచును గదా, మునికి తప్పనిది మనవానికి తప్పునా!

"రాముడు విల్లు విడువలేదే!" యని ఖడ్గవాది సంబరపడవచ్చును. నిజమే. దండకారణ్య ఋషులు రాక్షసబాధ పడలేక శరణువేడగా వారికి అభయమిచ్చితినని రాముడు బదులు చెప్పెను. మనవాని నే ఋషులును వేడుకొనలేదు. అతడిచ్చిన మాట యొక్కటే, ఆదివారము రాత్రికి ఇల్లు చేరుదునని.

కర్ర యేమి చేయును?

కర్ర కొట్టుటకు కాదు, చప్పుడు చేయుటకు. నల్లమల ఎలుగునకు ముక్కు చుఱుకు. చూపును వినికిడియు అంతంతమాత్రము. తెల్లవాఱుజామున ఇప్పచెట్టుక్రింద రాలిన పూవు తినుచు మైమఱచియున్న దానిమీదికి ఎవడైన సద్దులేక నడచివచ్చి అడుగుల దూరమున ప్రత్యక్షమైనచో, బెదరి మీదబడును. ముందుగానే కర్ర టకటకలాడించుచు, నోరార మాటలాడుకొనుచు పోవువానికి అది తానే దారి యిచ్చును. పాము నేలయదురునుబట్టి తప్పుకొనును. శ్రీశైలపు మార్గమున రొట్టెకై సంచి విప్పు కోతికి మాత్రము కర్ర కనబడవలెను. కత్తి దానికి అర్థము కాదు.

దొంగల మాట యందురా? త్రాగివచ్చిన యిరువురు డేరా ముందు నిలిచి కేకలు వేసినప్పుడు, నాలుగు మాటలతోనో అగ్గిపెట్టె యిచ్చుటతోనో తీరిపోవలసిన వ్యవహారము, కత్తి కనబడగానే కుట్లు పడువఱకు పోవును. ఆ కుట్లు ఎవరికో ముందుగా చెప్పజాలము. అందుకే ఒంటిగా పోరాదు, అనుమతి లేనిచోట డేరా వేయరాదు, ఎక్కడ నుందుమో ఇంట చెప్పి పోవలెను. బైర్లూటివద్దనున్న అటవీశాఖవారి విడిదివంటి చోట్ల మనుష్యసంచారమే సగము కాపుదల.

దీపము, తలుపు

అడవి రాత్రులలో నిజముగా భయపడవలసినది కట్లపామునకు. నేలపై పండుకొన్నవారిని అర్ధరాత్రివేళ కఱచుట దానికి వాడుక. కాటు పెద్దగా నొప్పింపదు, గాటు సరిగా కనబడదు, తెల్లవాఱునప్పటికి ఱెప్పలు వాలి ఊపిరి బరువెక్కును. దీనికి కత్తి యేమి చేయును? చేయునది కీడే: గాటుచోట కోసి రక్తము పీల్చుట యను పాత పద్ధతివలన విషము దిగదు, గాయము మాత్రము పెరుగును. కోయక, పీల్చక, బిగించి కట్టక, కఱచిన అవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి, విషవిరుగుడు సూదిమందు దొరకు ఆసుపత్రికి చేర్పవలెను. నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర యను నాల్గింటికిని ఆ మందొక్కటే. ఫోను అందనిచోట వాహనమే శరణ్యము. ఇంతవఱకు రాకుండుటకే దీపమును తలుపును చెప్పబడినవి: రాత్రి లేచినచో నేలపై వెలుగు వేసి అడుగిడుట, బూట్లు దులిపి తొడుగుట, తినుబండారములు డేరాలో నుంచకుండుట, జిప్పు రెండంగుళములైనను తెఱచి యుంచకుండుట.

పాఠాంతరములు

మొదటి పాదమున "కత్తి"కి మాఱుగా "తుపాకి" యని చదువవలెనని యొకరు. "తుపాకి" జగణము, ఆటవెలది దానిని పాదము మొదట రానీయదు. 1959 నాటి ఆయుధ చట్టమును లైసెన్సు లేనిదే రానీయదు. రెండవ పాదమున "కర్ర యున్న చాలు కారమున్న" యని మఱియొక పాఠము కలదు. మిరియపు స్ప్రే అభిమానులు దీనిని ప్రచారము చేయుచున్నారు. యతి చెడలేదు గాని గాలి యెదురైనచో అది ప్రయోగించినవాని కన్నులకే చేరును, డేరాలోపల నొత్తినచో అందఱికిని చేరును. కావున మూలపాఠమే గ్రాహ్యము.

ప్రయాణసన్నద్ధులైన చదువరులకు మనవి. అనుమతిపత్రము ముందుగా తీసికొనుడు. టార్చికి కొత్త బ్యాటరీలు వేయుడు. శ్రీశైలపు మార్గమందలి మన్ననూరు తనిఖీద్వారమును రాత్రి 9 గంటలకు మూసి మఱునాడు 6 గంటలకు గాని తెఱువరు గనుక, ప్రొద్దుండగనే అది దాటుడు.