వైద్యుడు చెప్పిందీ పాలే

2015లో దేవుడు మా ఇంటికొచ్చి నాతో మాట్లాడాడు. సాయంత్రం ఆరింటికి, పెసరట్టు తిన్నాక. మాట దేవుడిదే అయినా నోరు మాత్రం ఉజ్జీవ కూటాలకొచ్చిన ఒక ప్రవక్తగారిది.

ఆయన కళ్లు మూసుకుని, నా నెత్తిమీద చెయ్యి పెట్టి, కాసేపు గొంతు వణికించి, "బ్రదర్, ఒక స్థలం కనిపిస్తోంది... నీళ్లకి దగ్గర్లో... ప్రభువు మీ సరిహద్దుల్ని విశాలపరుస్తున్నాడు" అన్నాడు. మా ఆవిడ "స్తోత్రం" అంది. నేను ఏడ్చేశాను. ఏడవనా మరి? రాజధాని అమరావతి కడతామన్న తుళ్లూరు దగ్గర రెండొందల గజాలకి అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాను. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇది దేవుడు కాక ఇంకెవరు?

టీపాయ్ మీద బైబిలు కింద నుంచి వెంచరు బ్రోచరు జానెడు బయటికొచ్చి ఉందనీ, దాని మీద కృష్ణానది బొమ్మ ఉందనీ నాకు చాలా ఏళ్లకి గానీ తట్టలేదు. ఆ రోజు మాత్రం కవర్లో ఐదు వేలు పెట్టి, వీధి చివరిదాకా సాగనంపి వచ్చాను.

ప్రవక్తగారిని తిట్టిపొయ్యడం తేలిక. పాపం, ఆయన చేసిందల్లా నా కోరికని నాకే చదివి వినిపించడం. దాని కింద యెహోవా సంతకం కావాలన్నది నేను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. కాకపోతే ఇక్కడ రోగి పాలు ముందే కాచి పెట్టుకుని వైద్యుడికి కబురు పెట్టాడు.

సంఘంలో ఉన్నవాళ్లకి తెలుసు, "నాకనిపిస్తోంది" అంటే కమిటీలో పది మంది పది ప్రశ్నలు వేస్తారు. "ప్రభువు నా మీద భారం పెట్టాడు" అంటే కోశాధికారి కూడా రసీదు అడగడు. అయ్యగారి పాత కారు స్థానంలో ఇన్నోవా వచ్చింది భారం వల్లే. క్వయర్‌లో పాడే అమ్మాయి దగ్గరికెళ్లి "నువ్వే నా భార్యవని దేవుడు చూపించాడు" అనే కుర్రాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. అదే దర్శనం ఆ అమ్మాయికి ఎందుకు రాలేదో ఎవరూ అడగరు. కట్నం లేని పిల్లని దేవుడు ఎవరికైనా కలలో చూపించాడని మాత్రం నేను ఇంతవరకూ వినలేదు. సేవకి పిలుపు కూడా అంతే, ఎక్కువగా డాలస్ నుంచి వినిపిస్తుంది. పాడేరు కొండల్లోంచి వినిపించినవాళ్లు లేరనను. వాళ్లు ఫ్లెక్సీల మీద కనిపించరు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డుల పళ్లెం తిరుగుతుంది కదా. ఓ ఏడాది నా ముందు వరసలో ఒక పెద్దమ్మ కార్డు తీసి, కళ్లజోడు సర్దుకుని చదువుకుంది. ఓపికతో కనిపెట్టుకోమని ఉన్నట్టుంది. చప్పుడు కాకుండా దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేసి, అడుగు నుంచి ఇంకోటి లాగింది. మొహం విప్పారింది. చిలక జోస్యంలో ఈ వెసులుబాటు కూడా లేదు, చిలక తీసిందే తీసింది. అయినా చిల్లపెంకుతో గోక్కున్న యోబుని ఏ కార్డు మీదైనా అచ్చువేస్తారా? ఎవరు తీసుకుంటారు?

ఈ జబ్బు మన కాలంలో పుట్టింది కాదు. మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం తీయండి. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్లాలని ఇశ్రాయేలు రాజు అహాబు మనసులో పడింది. యూదా రాజు యెహోషాపాతు, ముందు దేవుణ్ణి అడుగుదామన్నాడు. దానికేం భాగ్యం, పిలిస్తే పలికే ప్రవక్తలు నాలుగు వందల మంది ఉన్నారు. నాలుగు వందల నోళ్లూ ఒకటే పాట: వెళ్లు, గెలుస్తావు. సిద్కియా అనే ఆయనైతే ఇనప కొమ్ములు కూడా చేయించుకొచ్చి, సిరియావాళ్లని రాజు ఎలా పొడిచెయ్యబోతున్నాడో చూపించాడు. అప్పట్లో ఎల్ఈడీ తెరలు లేవు, కొమ్ములతో సరిపెట్టుకున్నారు. యెహోషాపాతుకి ఎక్కడో కొట్టింది. వీళ్లు కాక ఇంకెవరూ లేరా అన్నాడు. ఉన్నాడు మీకాయా అని ఒకడు, వాడంటే నాకు గిట్టదు, ఏనాడూ నా గురించి మంచి పలకడు అన్నాడు అహాబు.

చూశారా! ఏది దేవుడి మాటో తెలియక కాదు. అది ఎక్కడ దొరుకుతుందో రాజుగారికి అడ్రసుతో సహా తెలుసు. తెలుసు కాబట్టే పిలవలేదు.

మీకాయాని తీసుకురావడానికి వెళ్లినవాడు దారిలోనే బోధ చేశాడు, అందరూ మంచే పలికారు, నువ్వూ ఆ నాలుగు ముక్కలూ పలికెయ్యమని. మీకాయా వచ్చి వెటకారంగా అదే పలికాడు. విచిత్రం ఏమిటంటే అహాబే నమ్మలేదు. నిజం చెప్పమని ఒట్టు పెట్టాడు. నిజం చెప్పాక సిద్కియా వచ్చి మీకాయా చెంప పగలగొట్టాడు, రాజు జైల్లో పెట్టించాడు. తర్వాత వేషం మార్చుకుని మరీ యుద్ధానికి వెళ్లాడు. గెలుస్తానన్న నమ్మకం ఉంటే వేషమెందుకో. ఎవడో గురి చూడకుండా వదిలిన బాణం కవచం అతుకులో దూరి ప్రాణం తీసింది. నాలుగు వందల మందిలో ఒక్కరైనా క్షమాపణ చెప్పినట్టు గ్రంథంలో లేదు.

వాళ్ల వారసులు 2020లో అమెరికాలో తేలారు. నవంబరు ఎన్నికల్లో ట్రంప్ గెలుపు దేవుడి నిర్ణయమైపోయిందని ప్రవక్తలు వరసకట్టి ప్రకటించారు. టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అక్టోబరులోనే, సందేహం లేదు పొమ్మన్నాడు. ట్రంప్ ఓడిపోయాడు. కాలిఫోర్నియాలోని బెతెల్ చర్చికి చెందిన క్రిస్ వాలటన్ నవంబరులో క్షమాపణ వీడియో పెట్టి, తీసేసి, జనవరిలో మళ్లీ పెట్టాడు. ఇంకొందరు అసలు ఓడిపోనే లేదన్నారు. జెరెమయా జాన్సన్ అనే యువ ప్రవక్త మాత్రం, పేరుకి తగ్గట్టు యిర్మీయాలాగే జనానికి గిట్టని నిజం పలికి, నేను తప్పాను, క్షమించండి అని 2021 జనవరిలో రాశాడు. ఏమైంది? చంపుతామని బెదిరింపులొచ్చాయి. అబద్ధమైన ప్రవచనాన్ని చప్పట్లతో భరించినవాళ్లు, నిజమైన క్షమాపణని భరించలేకపోయారు. చివరికి ఆ ఏప్రిల్‌లో కొందరు పెద్దలు కూర్చుని, ప్రవచనం తప్పితే బహిరంగంగా బాధ్యత తీసుకోవాలని ప్రమాణాలు రాసుకున్నారు. ఇద్దరో ముగ్గురో ప్రవచిస్తే మిగతావాళ్లు వివేచించాలని పౌలు కొరింథువాళ్లకి రాసి రెండు వేల ఏళ్లవుతోంది. మన కూటాల్లో తూకం వేసేది కానుకల పెట్టెని ఒక్కదాన్నే.

నాకు మాత్రం అహాబు కన్నా యిర్మీయా గ్రంథంలోని యోహానాను దగ్గరివాడు. యెరూషలేము కూలిపోయింది, అధిపతి గెదల్యాని చంపేశారు, మిగిలిన జనాన్ని వెంటబెట్టుకుని యోహానాను ఐగుప్తు దారి పట్టాడు. బేత్లెహేము దగ్గర మకాం వేశాక గుర్తొచ్చింది, దేవుణ్ణి అడగలేదని. అసలు యిర్మీయా దగ్గరికెళ్లి, మంచైనా చెడైనా సరే, దేవుడు చెప్పినట్టే వింటామని ఒట్లు పెట్టుకున్నారు. మూటలు మాత్రం విప్పలేదు. యిర్మీయా నోరు తెరవడానికి పది రోజులు పట్టింది. పది రోజులు! పెసరట్టుకీ ప్రవచనానికీ మధ్య మా ఇంట్లో పది నిమిషాలు పట్టలేదు. పదకొండో రోజుకల్లా వాళ్ల కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. వెళ్లొద్దని జవాబొచ్చింది. నువ్వు అబద్ధమాడుతున్నావని ఆయన్నే తిట్టి, ఆయన్ని కూడా లాక్కుని ఐగుప్తుకే పోయారు.

అసలైన ప్రవక్తలకీ ఈ తడబాటు తప్పలేదు. దావీదు మందిరం కడతానంటే నాతాను అక్కడికక్కడే కానిమ్మన్నాడు. ఇంతకన్నా పవిత్రమైన కోరిక ఏముంటుంది గనక? ఆ రాత్రే దేవుడు వద్దన్నాడు. నాతాను వెళ్లి రాజుగారి మొహమ్మీదే తన మాట తాను దిద్దుకున్నాడు. అదే మన ఊళ్లో అయితే ఆ పాటికి ఫ్లెక్సీలు కట్టేసి, స్లాబుకి సిమెంటు బస్తాల చందా మొదలయ్యేది. ఇక వెనక్కి తగ్గడం దేవుడి వల్ల కూడా కాదు.

నా స్థలం సంగతి చెప్పలేదు కదూ. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ధర పాతాళానికి పోయింది. ప్రవక్తగారికి ఫోన్ చేస్తే, "మీ విశ్వాసంలో ఎక్కడో లోపముంది బ్రదర్" అన్నారు. మరుసటి ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం కొన్న ధరకి సగానికి అమ్మేశాను. 2024లో ప్రభుత్వం మారింది, రేట్లు మళ్లీ లేచాయి. వారం తిరక్కుండా సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రవక్తగారి వీడియో వచ్చింది: అమరావతి గురించి ప్రభువు తనతో 2015లోనే మాట్లాడాడట.

నా దగ్గర ఆ స్థలం కొన్నది ఒక ఇత్తడి సామాన్ల వ్యాపారి. మొన్న పెళ్లిలో కనిపిస్తే ఉండబట్టలేక అడిగాను, "మళ్లీ పెరుగుతుందని మీకెలా తెలిసిందండీ?" అని.

"తెలియడమేంటండీ," అన్నాడాయన వక్కపొడి నోట్లో వేసుకుంటూ, "మీరు చవగ్గా ఇచ్చేస్తున్నారు కదా అని కొన్నాను."