హలో... వినబడుతోందాండీ?

రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఎక్కువసార్లు వినపడేది పాట పల్లవి కాదు, “హలో”. దాని తర్వాత “వినబడుతోందాండీ?” అనే ప్రశ్న. మూడోది అనౌన్సర్ బతిమాలుడు: “మీ రేడియో సౌండు కాస్త తగ్గించండి.” ఫోన్ లైన్‌కు పట్టే జబ్బులు చాలావరకు ఈ మూడు మాటల్లోనే బయటపడతాయి.

జబ్బు ఏదైనా ఇంజనీరు మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: ఇబ్బంది ఎవరికి? ఫోన్ చేసినవారికా, రేడియో వినేవారికా, ఇద్దరికీనా? ఇది తేలితే సగం వైద్యం అయినట్టే. స్టూడియోల్లో తరచు జరిగేది వేరు. చేతికందిన నాబ్ తిప్పుతారు, ఫలితం లేకపోతే పక్కది తిప్పుతారు, చివరికి ఏది ఎక్కడ ఉండేదో మరిచిపోతారు. అప్పటికి జబ్బులు రెండవుతాయి.

ఫోన్ చేసినవారికి తమ గొంతే తిరిగి వినబడుతుంటే అనుమానం ముందు స్టూడియో మీదకు పోవాలి. ఫోన్‌ను మిక్సర్‌కు కలిపే పెట్టెను హైబ్రిడ్ అంటారు. మిక్సర్ నుంచి లైన్ మీదకు పంపే శబ్దంలో అనౌన్సర్ గొంతు, పాట, అన్నీ ఉండాలి. ఫోన్ చేసినవారి గొంతు మాత్రం ఉండకూడదు. దీనికి మిక్స్ మైనస్ అని పేరు. బంతిలో అందరికీ అన్నీ వడ్డించవచ్చు గానీ, ఎవరి విస్తట్లోది తీసి వాళ్ళకే మళ్ళీ వడ్డించకూడదు కదా! ఈ మర్యాద తప్పితే, సెకనులో ఐదో వంతు ఆలస్యంగా తన గొంతు తనకే వినబడి మనిషి తడబడతాడు. “నా పేరు... నా పేరు...” అని ఆగిపోయిన శ్రోత పేరు మరిచిపోలేదు, తన మాటకు తనే అడ్డం తగులుతున్నాడు.

ఇద్దరు ఒకేసారి లైన్‌లో ఉంటే మిక్స్ మైనస్‌లు కూడా రెండు కావాలి. ఇద్దరినీ తీసేసిన ఒకే మిక్స్‌ను ఇద్దరికీ పంపితే ఒకరి మాట ఒకరికి వినపడదు. లైన్‌లో ఉన్నది వియ్యపురాళ్ళయితే దీన్ని వెంటనే సరిచేయనక్కర్లేదు.

తప్పు స్టూడియోది కాకపోతే చాలాసార్లు శ్రోత పక్కనున్న రేడియోది. అందులోని శబ్దం ఫోన్‌లో దూరి, గాలిలోకెక్కి, మళ్ళీ అదే రేడియోలోంచి దిగుతుంది; కూత మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వినేవారి సమస్య మరో రకం. అక్కడ శబ్దం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. “ఏ పాట కావాలి?” అని అనౌన్సర్ అడిగితే, “బాగున్నానండీ, మీరెలా ఉన్నారు?” అని జవాబు వస్తుంది.

గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే అది జబ్బు కాదు, ఫోన్ పుట్టుక. మామూలు ఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. డిజిటల్ లైన్ గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, కొలతకు 8 బిట్లు చొప్పున 64,000 బిట్లు పంపుతుంది. స, ఫ లాంటి హల్లుల సుయ్యిమనే ధ్వని ఎక్కువగా 3400 పైనే ఉంటుంది. అందుకే ఊరి పేరు రెండుసార్లు చెప్పించుకోవాలి. లేని బేస్‌ను పెంచబోతే చేతికొచ్చేది కరెంటు వారి 50 హెర్ట్జ్ గుర్రు. అదే 64,000 బిట్లలో జీ.722 అనే పద్ధతి 7000 హెర్ట్జ్ దాకా పంపగలదు, కాకపోతే అది రెండు చివరలా ఉండాలి.

గొంతు గరగరమంటూ చిరిగిపోతుంటే, గొంతును బిట్లుగా మార్చే కోడింగ్ రెండు చివరలా ఒకటేనా అని చూడాలి. భారత్, యూరప్‌లది ఏ-లా. అమెరికా, జపాన్‌లది మ్యూ-లా. డల్లాస్ నుంచి హైదరాబాదుకు ఫోన్ వస్తే ఒకదాన్ని మరొకదానిలోకి మార్చే బాధ్యత, అంతర్జాతీయ నియమం ప్రకారం, మ్యూ-లా వారిదే. పెట్టెలో సెట్టింగ్ తప్పుగా పెట్టిన బాధ్యత మాత్రం స్థానికులదే.

లెక్క పెట్టినట్టు టిక్కు, టిక్కుమంటే గడియారాల తగవు. రెండు డిజిటల్ పెట్టెలు ఎవరి టైము వారు పాటిస్తున్నాయన్నమాట. ఒకదాన్ని యజమానిగా, రెండోదాన్ని అనుచరుడిగా పెట్టాలి. లెక్కాపత్రం లేకుండా మాటలు ఎగిరిపోతే ఇంటర్నెట్ లైన్‌లో ప్యాకెట్లు పోతున్నట్టు. ఒక్కో ప్యాకెట్‌లో సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. ప్యాకెట్లను కాసేపు ఆపి ఉంచే బఫర్‌ను పెంచితే గతుకులు తగ్గుతాయి, ఆలస్యం పెరుగుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి “మీరు చెప్పండి” అంటారు.

కాల్ కలిసినా ఒకవైపే వినబడితే ఫైర్‌వాల్‌ను అనుమానించవచ్చు. అయితే అంతకంటే ముందు ఫేడర్ పైకి ఉందో లేదో, మ్యూట్ మీట వెలుగుతోందో లేదో చూడాలి. ఇంజనీరును అర్ధరాత్రి నిద్ర లేపాక చూడటం కంటే ఇది గౌరవంగా ఉంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసిపెట్టుకోవాలి, పనిచేయకపోతే ఉన్నచోట పెట్టేయాలి. శ్రోతలు చేయవలసింది ఇంకా తేలిక: ఫోన్ కలవగానే రేడియో కట్టేయండి.