ప్రాజెక్టు సారు

రాయలసీమలో ఏ డివిజన్ కేంద్రానికి వెళ్ళినా ప్రాజెక్టు సారు ఒకరు తగులుతారు. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచి, జేబులో ఏదో సెమినార్లో ఇచ్చిన పెన్ను. వయసు యాభై దాటి ఉంటుంది. హోదా స్వచ్ఛంద సంస్థ సెక్రటరీ. ఆఫీసు ఇంటి ముందుగదే. గోడమీద అంబేద్కర్, ఫూలే. వాళ్ళ పక్కనే ఫ్రేము కట్టించిన సొసైటీ రిజిస్ట్రేషన్, ట్వెల్వ్ ఏ, ఎయిటీ జీ కాగితాలు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్ఏ సర్టిఫికెట్ మాత్రం గోడకెక్కదు. అది లోపల బీరువాలో, భార్య గాజుల డబ్బా కింద ఉంటుంది. ఐదేళ్ళకోసారి దాని రెన్యువల్ వచ్చినప్పుడు ఆయన తిరుపతికి మొక్కుకుంటారని అంటారు. ఆయన నాస్తికుడు కాబట్టి నేను నమ్మను. భార్య మొక్కుకుని ఉండొచ్చు.

వీధిగుమ్మం మీది బోర్డును ఎవరైనా ఓపిగ్గా గీకితే మన దేశంలో అభివృద్ధి చరిత్రంతా పొరలు పొరలుగా రాలుతుంది. అన్నిటికన్నా అడుగున పొగరాని పొయ్యి బొమ్మ. దాని మీద వాటర్‌షెడ్. హనుమంతరావు కమిటీ చెప్పిన ప్రకారం 1995లో కొత్త మార్గదర్శకాలు వచ్చాక రాళ్ళకట్టల కింద పడని సంస్థ సీమలో లేదు. ఆ పైన ఎర్ర రిబ్బన్. 2003లో గేట్స్ ఫౌండేషన్ ‘అవాహన్’ పేరుతో ఎయిడ్స్ నివారణకు దిగి, తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చుకుంది. 2014 తర్వాత మరుగుదొడ్డి. ఇప్పుడు ఆకుపచ్చగా భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు: వాతావరణ మార్పు.

బోర్డు ఇన్నిసార్లు మారింది గానీ సారు చేసే పని మారలేదు. అవే ఊళ్ళు, అవే ఎస్సీ కాలనీలు, రాత్రి ఎనిమిది దాటాక చింతచెట్టు కింద అదే మీటింగు. ఉపాధి హామీ కూలి పడలేదు, పింఛను ఆగింది, శ్మశానానికి దారి లేదు. వాటర్‌షెడ్ కాలంలోనూ ఇవే మాట్లాడారు, ఎయిడ్స్ కాలంలోనూ ఇవే. మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టి, నలుగురూ కలిసి వెళ్ళి అడిగేలా చేయడమే ఆయన అసలు వృత్తి. ఆ వృత్తికి ఎక్కడా డబ్బు పుట్టదు కాబట్టి ముప్పై ఏళ్ళుగా దానికి వేషాలు కడుతున్నారు.

ప్రపోజల్ రాసే రాత్రి ఆయన్ని చూడాలి. గడువు అర్ధరాత్రికి. పదకొండుకి కరెంటు పోతుంది. మొబైల్ వెలుతురులో లాగ్‌ఫ్రేమ్ నింపుతుంటారు. ఈ లాగ్‌ఫ్రేమ్ అనేదాన్ని 1969లో అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారుచేశారు. ఇప్పుడు కదిరి నుంచి కెన్యా దాకా అందరి ప్రాణం తీస్తోంది. నాలుగు నిలువు గళ్ళు. చివరి గడి పేరు అసంప్షన్స్, అంటే మన చేతిలో లేని విషయాలు ఏవేవి కలిసి రావాలో అక్కడ రాయాలి. సారు ఎప్పుడూ రెండే రాస్తారు: వర్షాలు సకాలంలో పడును, ప్రభుత్వ శాఖలు సహకరించును. ఈ రెండూ జరిగితే ఇక మీ సంస్థ ఎందుకయ్యా అని ఇంతవరకు ఏ డోనరూ అడగలేదు.

తర్వాత బడ్జెట్. కుర్చీలకు రేటుంది, ఫ్లెక్సీకి రేటుంది, టీ బిస్కెట్లకు తలకింత అని ఉంది. రోజూ మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి మాట్లాడే కార్యకర్తకే ఏ హెడ్డూ కుదరదు. ఒక ప్రాజెక్టులో అతను ‘భూసార మిత్ర’, ఇంకోదాంట్లో ‘పీర్ ఎడ్యుకేటర్’, మొన్నటిదాకా ‘స్వచ్ఛతా దూత’. పాపం అతనికే గుర్తుండదు. బ్యాంకు లోను ఫారంలో ఉద్యోగం అన్నచోట ఏం రాయమంటారని సారునే అడిగాడు.

ఇక వోచర్లు. నలభై మంది ఆడవాళ్ళ మీటింగుకి టీ పోసిన అంగడాయన దగ్గర బిల్లు బుక్కు ఎందుకుంటుంది? అందుకని సారు తెల్లకాగితం మీద తనే రాసి, ఆయన చేత వేలిముద్ర వేయించి, దాని మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికిస్తారు. ఐదు వేలు దాటితేనే స్టాంపు కావాలి. ఈయన 240 రూపాయల టీకీ అతికిస్తారు. "ఆడిటర్ కంటికి కొంచెం నిండుగా ఉంటుంది" అంటారు. మీటింగుకి నలభై రెండు మంది వస్తే ఆ రెండు టీలు ఆయన జేబులోంచే. అలా జేబులోంచి పోయిన టీల లెక్క ఇంట్లో ఇంకో పుస్తకంలో ఉంది. దానికి ఆడిటర్ ఆయన భార్య.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ వచ్చినప్పుడు సారు మహా ఉత్సాహపడ్డారు. ఏడాదికి ఐదు కోట్ల లాభం దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమలు. వేటికి ఖర్చు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలు చదివితే వెనుకబడిన వర్గాల అసమానతలు తగ్గించడం కూడా అందులో ఉంది! సారు దాని కింద ఎర్రగీత గీసుకుని ఓ ఫ్యాక్టరీకి వెళ్ళారు. అక్కడి సీఎస్ఆర్ మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. అంతా విని ఒకటే అడిగాడు.

"అసమానత తగ్గాక మా బోర్డు ఎక్కడ పెడతామండీ?"

సారు నోట మాట రాలేదు. చివరికి ఓ బడికి నలభై బెంచీలు తెచ్చుకున్నారు. ప్రతి బెంచీ వీపున కంపెనీ పేరు. బడిలో పిల్లలు పద్దెనిమిది మంది.

అసలు దెబ్బ 2020 సెప్టెంబరులో తగిలింది. విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అప్పటిదాకా పెద్ద సంస్థకు వచ్చిన విదేశీ డబ్బులో కొంత చిన్న సంస్థకు పంచే వీలుండేది. సారులాంటి వాళ్ళు బతికింది చాలావరకు ఆ పిల్లకాలవ నీళ్ళ మీదే. కొత్త సవరణ దాన్ని పూడ్చేసింది. ఆఫీసు ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి దిగింది. విదేశీ డబ్బంటూ వస్తే ముందు ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. సీమ పల్లెలో మీటింగు పెట్టడానికి ఢిల్లీలో ఖాతా తెరవాల్సి వచ్చింది. దొంగలెక్కల సంస్థలు ఉన్నమాట నిజమే, వాటిని పట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ ఈ నిబంధనలన్నీ దాటగలిగేది ఆడిటర్లు, లాయర్లు ఉన్న పెద్ద సంస్థలే. మునిగింది మోపెడ్ సంస్థలు.

ఆ చట్టం కిందే 2011 నాటి నిబంధన ఒకటుంది. బంద్, హర్తాళ్, రాస్తారోకో, రైల్‌రోకో, జైల్‌భరో లాంటివి తరచూ చేసే సంస్థను రాజకీయ స్వభావం కలదిగా ప్రకటించవచ్చని. ప్రజల హక్కుల కోసం చేసినంత మాత్రాన, పార్టీ రాజకీయాలతో సంబంధం లేనివాళ్ళకు అది వర్తించదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సారు తన జాగ్రత్తలో తనున్నారు. ఆయన రిపోర్టులో ఎవరూ ధర్నా చేయరు, ‘సంబంధిత వర్గాలతో బహిరంగ సంప్రదింపు’ జరుపుతారు. ఒకసారి ఆడవాళ్ళు నీళ్ళ కోసం బిందెలతో రోడ్డు మీద కూర్చుంటే, ‘రహదారి వెంబడి నీటి సంరక్షణపై అవగాహన’ అని రాశారు. ట్రాఫిక్ గంటన్నర ఆగిందన్నది ‘విస్తృత స్పందన’ కింద వెళ్ళింది.

మందు ఎక్కువైన మిత్రులు ఎప్పుడో ఒకప్పుడు రాజస్థాన్ ఎత్తుతారు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్‌లు 1990లో మొదలుపెట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ప్రాజెక్టు ఫండింగ్ ముట్టదు, జనం దగ్గరే చందాలు తీసుకుంటుంది, సమాచార హక్కు పోరాటం అలాగే నడిపింది. నువ్వెందుకు అలా చేయవూ అని. సారు కోపం తెచ్చుకోరు. నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేస్తారు. 1992లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా అంగడి మూయించారు. అది జిల్లాకు పాకి, వేలంపాటలు ఆగి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయే నిషేధమైంది. "దానికి నేను ప్రపోజల్ రాసుంటేనా? ఆశించిన ఫలితం: ప్రభుత్వ ఆదాయం పడిపోవును. ఎవడిస్తాడయ్యా డబ్బు?" అని ఆయనే పకపకా నవ్వుతారు. రాజస్థాన్ ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పరు.

డోనర్ల విజిట్ రోజు దుబాసీ కూడా ఆయనే. పోయిన ఏడాది వచ్చిన విదేశీ మేడమ్ ముందు, ఏం మాట్లాడాలో ముందే నేర్పిన వాళ్ళంతా బుద్ధిగా మాట్లాడారు. వెనక కూర్చున్న అవ్వ లేచింది.

"చప్పట్లు కొట్టమంటివి, కొడితిమి. మా శ్మశానం దారి సంగతి యాడికొచ్చె సారూ? శవాన్నెత్తుకోని రెడ్డోళ్ళ చేనికి అడ్డం పడి పోవల్లనా ఎప్పుడూ?"

"సంఘంలో చేరాక తనకు ధైర్యం వచ్చిందని చెబుతోంది" అన్నారు సారు ఇంగ్లీషులో. అబద్ధం అనడానికి లేదు.

తర్వాత ఆయన హైదరాబాదు హోటల్లో ‘గ్రామీణ మహిళా నాయకత్వం’ మీద నాలుగు రోజుల వర్క్‌షాపుకి వెళ్ళారు. ఆ సోమవారమే అవ్వ ఇరవై మందిని వెంటేసుకుని, తలా యాభై వేసుకుని, ఆటోలు మాట్లాడుకుని కలెక్టరేట్ గ్రీవెన్సుకి వెళ్ళింది. అర్జీ ఇచ్చి అక్కడే కూర్చున్నారు, లేవలేదు. గురువారానికి సర్వేయరు గొలుసు పట్టుకుని ఊళ్ళో దిగాడు.

సారు తిరిగొచ్చి సంతోషంతో ఉక్కిరిబిక్కిరై, ఆ రాత్రే రిపోర్టు రాసి పంపారు. డోనరు నుంచి వెంటనే జవాబు. అద్భుతం, మరో యాభై గ్రామాల్లో చేద్దాం, ఆ మహిళలకు మీరిచ్చిన శిక్షణ పాఠాలు, ఫొటోలు దయచేసి పంపండి.

శిక్షణ ఎవరిచ్చారు గనక? సారు ఫ్లెక్సీ కొట్టించుకుని ఊరికి పరిగెత్తారు. చింతచెట్టుకు కట్టారు. పనులకు పోవాల్సిన ఆడవాళ్ళు ఆయన మొహం చూసి కూర్చున్నారు.

"ఈ పొద్దు ఏం పాఠం సారూ?" అంది అవ్వ.

"అర్జీ ఎట్లా ఇయ్యల్లనో."

"ఇచ్చొస్తిమి గదా!"

"అదే అవ్వా. ఎట్లిచ్చినారో మొదట్నించీ చెప్పు, నేను రాసుకుంటా."