సిటీ బస్సు మాహాత్మ్యం

సిటీ బస్సు స్వామీ! నీ వినయాన్ని ఎంతని పొగడను. బాచుపల్లి, ప్రగతినగర్‌లను కలుపుకొని నిజాంపేట 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. నిన్నటి పంచాయతీకి ఇంత హోదా వస్తే కళ్లు నెత్తికెక్కుతాయని కాబోలు, అదే ఏడాది 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక హైదరాబాద్ నగరంలో నువ్వు వందల్లో తగ్గావు. ఊరు పెరిగేకొద్దీ తాను తరిగే నిరాడంబరత యోగులకైనా ఉందా?

నువ్వు రాకపోబట్టి ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయి! ముగ్గురి సీట్లో నలుగురిని సర్ది, డ్రైవర్‌కు అటొకరిని ఇటొకరిని అతికించి, ‘జేఎన్టీయూ, జేఎన్టీయూ’ అని కేకేసే షేర్ ఆటో అన్నకు అన్నదాతవు నువ్వే. బైకు షోరూముల వాళ్లు, ఈఎంఐల వాళ్లు రోజూ నీకు దీపం పెట్టాలి. నీ షెల్టర్‌నూ వృథా పోనివ్వలేదు. బెంచీ మీద జామకాయల బుట్ట, కమ్మీలకు లేడీస్ హాస్టల్ ఫ్లెక్సీ, ముందు వరసగా బైకులు. జనం రోడ్డు మధ్యకొచ్చి నిలబడతారు. నువ్వు ఆగేదీ అక్కడే కనుక ఎవరికీ ఇబ్బంది లేదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదన్నారు. నీ భక్తులు పెరిగారు, నువ్వు పెరగలేదు. ఆధార్ కార్డు చేతపట్టుకుని చూసీ చూసీ, చివరికి ఆటోకు డబ్బులిచ్చి పోతున్నారు. ఉచితం దుర్వినియోగం కాకుండా నువ్వు తీసుకున్న జాగ్రత్త అది.

శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి ఇలాగే దెప్పిపొడుస్తూ కాసుల పురుషోత్తమకవి శతకం చెప్పాడు. ఆయన దేవుడు కనీసం గుడికెళ్తే కనిపించేవాడు.

మెట్రో ఉందిగా అంటారు పెద్దలు. ఉంది, 2017 నుంచీ ఉంది. జేఎన్టీయూ కాలేజీ స్టేషన్‌లో ఎక్కితే అమీర్‌పేట దాకా తీసుకెళ్లి, అక్కడ రైలు మార్పించి, వెనక్కి తిప్పి హైటెక్ సిటీలో దింపుతుంది. రోడ్డున పట్టుమని పది కిలోమీటర్లు లేని చోటికి ఇంత ప్రదక్షిణ పుణ్యం! నువ్వు నేరుగా తీసుకెళ్తే దక్కేదా? అసలు స్టేషన్ దాకా ఎలా చేరాలంటావా, దానికి మళ్లీ ఆటో అన్నే దిక్కు.

కొత్త బస్సులు అడిగి నీ వ్రతం చెడగొట్టం స్వామీ. స్టాపులో టైమ్ బోర్డొకటి పెట్టించు చాలు. ఎంత ఆలస్యమవుతుందో తెలిస్తే ఆఫీసుకు ముందే మెసేజ్ పెట్టుకుంటాం.