లై ఏది, లే ఏది?

స్పోకెన్ ఇంగ్లీషు మాస్టార్లకు పొదిలి నుంచి ఒక మనవి. ‘లై’కీ ‘లే’కీ, ‘రైజ్’కీ ‘రెయిజ్’కీ తేడా తెలియక మా పిల్లలు ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారని మీరు తెగ బాధపడిపోతున్నారు. ఆ బాధకు ఫీజు కూడా పుచ్చుకుంటున్నారు. సంతోషం. కానీ మీ ఉదాహరణలే మాకు ఒంటబట్టడం లేదు. కోడి గుడ్డు పెట్టింది, కుక్క చాప మీద పడుకుంది అంటారు. పడమటి ప్రకాశంలో కాపురముంటూ కోడినీ కుక్కనూ వెతుక్కునే ఖర్మ మాకేమిటండీ, వెలిగొండ ఉండగా?

1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. రాయి వేయడం ‘లే’, వేశారు కనక ‘లెయిడ్’. కర్త ఉన్నాడు, కర్మ ఉంది, కొబ్బరికాయ కూడా ఉంది. శుద్ధ సకర్మకం. మర్నాటి నుంచి ఆ రాయి పడి ఉంది. పడి ఉండడం ‘లై’, దాని భూతకాలం మళ్ళీ ‘లే’. దీనికి కర్మతో పనిలేదు, కర్మంతా ఆయకట్టుది. 2004లో ఇంకో ప్రభుత్వం వచ్చి పనులు ఎత్తుకుంది. పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు జంట సొరంగాల తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. ఆ మార్చిలో జాతికి అంకితమిచ్చారు, నీళ్ళు మినహా. ఇక ఎన్నికల సభల్లో మోగే ‘లై’ వేరు. దాని భూతకాలం ‘లైడ్’. వంకర లేని క్రియ. నోరు తిరగని మన నాయకులు సైతం తప్పు లేకుండా వాడేది ఇదొక్కటే.

‘రైజ్’ అంటే తనంతట లేవడం, ‘రెయిజ్’ అంటే ఒకరు లేపడం. లేచు, లేపు అని తల్లి ఒడిలోనే నేర్చినవాళ్ళం, మాకిది పెద్ద విద్య కాదు. తికమకంతా పొగాకు వేలం కేంద్రంలో కొనేవాళ్ళది. బేలు ముందు నిలబడి పాట రెయిజ్ చేయరు. ఏమయ్యా అంటే రేటు రైజ్ కాలేదంటారు, అదేదో తూర్పున దానంతటదే పొడవాల్సిన సూర్యుడైనట్టు. 2025లో నల్లబర్లీ ధర ‘ఫెల్’ అన్నారు. పడింది అని అర్థం. నిలబడ్డ చెట్టును నరికి కూల్చడానికి కూడా ఇంగ్లీషులో ‘ఫెల్’ అనే క్రియే ఉంది. కంపెనీలు మొదటి అర్థం దగ్గరే పుస్తకం మూసేశాయి. ఆఖరికి మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది.

‘హియర్’, ‘లిజన్’ సంగతి మరీ ముచ్చట. 2023లో సర్కారు ఈటీఎస్ అనే అమెరికా సంస్థతో ఒప్పందం రాసుకుని, సర్కారు బడుల్లో మూడో తరగతి నుంచే టోఫెల్ అంది. వినికిడి పరీక్ష కూడా అందులో భాగమే. ప్రభుత్వం మారాక అదీ అటకెక్కింది. పోతే పోయింది గానీ, ఆ పరీక్ష పెట్టాల్సింది పిల్లలకా? చెవిన పడితే హియర్, చెవి పెడితే లిజన్. ఫ్లోరైడ్ నీళ్ళతో మోకాళ్ళు పట్టేసిన మనిషి కర్ర ఊతంతో వచ్చి సోమవారం అర్జీ ఇస్తాడు. రసీదు చేతికొస్తుంది. ఆ రసీదులో ఉన్నది ఏ క్రియో మీరే చెప్పండి.

‘లెండ్’, ‘బారో’ గురించి పాఠం చెప్పేటప్పుడు మాత్రం కౌలు రైతును పక్క గదిలో కూర్చోబెట్టండి. బ్యాంకు లెండ్ చేసింది ఆసామికి, చాకిరీ ఇతనిది, ఇతను బారో చేసింది పురుగుమందుల కొట్లో. వాక్యం ఎలా కట్టినా వడ్డీ తేలదు.

చివరగా ఈసారి పరీక్షకు ఒక ప్రశ్న మేమే పంపుతున్నాం. ‘స్టీల్’, ‘రాబ్’లలో సరైనదానితో ఖాళీ పూరించుము: మిర్చి తూకంలో తరుగు పేరిట రెండు కిలోలు ______. జవాబు ‘స్టీల్’. ‘రాబ్’ అని రాసినవాడికి సున్నా వేయండి, ఎందుకంటే రాబ్‌కు సరుకు కాదు, మనిషి కర్మగా ఉండాలి. అతనే గనక రెండు కిలోలు కొట్టేసి అక్కడ తన పేరు రాసుకుంటే, నిండా మార్కులిచ్చి పంపండి.